కవియు, భిన్నమనస్కతయు

లోకమునఁ గవులనుగూర్చి రెండభిప్రాయములు చిరకాలమునుండి ప్రబలియున్నవి. కవియైనవాఁడు కొంత వెఱ్ఱివాఁడు కాక తప్పదనియు, ఆ వెఱ్ఱియే వాని కవిత్వమునకు మూలమనియు నొకటి. వెఱ్ఱివాఁడు వ్రాసినది ప్రలాపమే కాని కావ్యము కానేరదనియు, దానిని జదువుట కాలహరణమనియు రెండవది. ఇవి పరస్పరవిరుద్ధములుగఁ గనఁబడుచున్నను వీనిలో నొక పోలిక గలదు. మొదటి మాట పలుకువాఁడు కవిని మెచ్చుకొనుచున్నాననుకొనును. రెండవ మాట పలుకువాఁడు నిందించుచున్నాననుకొనును. కాని యిరువురును గవి పడిన శ్రమను మాత్రము చూడరు. ఒకరు ఫలమును వ్యాధి కప్పగింతురు. వేఱొకరు వ్యాధిని జూచి ఫలమును బాఱవేయుదురు. ఈ రెండును దప్పులని మా తలంపు. ఏల తప్పులో యీ వ్యాసమున విన్నవించెదము.

ఈ చర్చను మేమిప్పుడు తలపెట్టుటకు రెండు కారణములు గలవు. మొదటిది, మెదడు నిర్మాణమునందలి భేదములనుగూర్చి లోకము పలుకు మాట మాఱినది. మాటలాడుటలోను, చదువుటలోను, ఒక విషయముపై మనసు నిలుపుటలోను పెక్కుమందికంటె వేఱుగ నుండువారిని బూర్వము మందబుద్ధులనియు, మొండివారనియు, పిచ్చివారనియు నొక్క గంపలో వేయుచుండిరి. 1943లో లియో కానర్ అమెరికాలోను, 1944లో హాన్స్ ఆస్పెర్గర్ వియన్నాలోను ఆటిజమనెడి స్థితిని బ్రత్యేకముగ వర్ణించి వ్రాసిరి. 1998లో ఆస్ట్రేలియాదేశపు జూడీ సింగర్ తన పరిశోధనవ్యాసమునందును, అదే సంవత్సరమున హార్వీ బ్లూమ్ ఒక అమెరికా పత్రికయందును ‘న్యూరోడైవర్సిటీ’ యను మాటను వాడిరి. మనుష్యుల ముఖములు భిన్నములైనట్లే మెదళ్లును భిన్నములనియు, ఆ భేదములన్నియు రోగములు కావనియు దాని తాత్పర్యము. దానిలోనుండి పుట్టిన స్థితివాచకమును మేమీ వ్యాసమున ‘భిన్నమనస్కత’ యందుము. ఆటిజమును, మనసు కుదురుగ నిలువని ఏడీహెచ్‌డీ స్థితియు, అక్షరములను బోల్చుకొనుటలోని చిక్కయిన డిస్లెక్సియాయు దీనిలోఁ జేరును. ఉద్రేకమును విషాదమును మాఱిమాఱి వచ్చెడి బైపోలార్ స్థితినిగూడఁ గొందఱు దీనిలోఁ జేర్తురు. ఇఁక రెండవ కారణము, ఉపాధ్యాయులమై మేము చేసిన యొక పొరపాటు. దానిని జివరఁ జెప్పెదము.

వట్టి సిద్ధాంతములతోఁ బోరాడుటకంటె నొక గ్రంథమును ముందుంచుకొని చూచుట మేలు. అందులకుఁ దగిన గ్రంథము ఆంగ్లకవి క్రిస్టఫర్ స్మార్టు వ్రాసిన ‘జూబిలాటే ఆగ్నో’. స్మార్టు 1722లోఁ గెంటు మండలమునఁ బుట్టెను; కేంబ్రిడ్జిలోఁ జదివి, లాటినునందు మంచి పండితుఁడని పేరుగాంచి, అక్కడ దైవవిషయకపద్యములకిచ్చు సీటోనియన్ బహుమానమును అయిదుమాఱులు గెలిచెను. తరువాత లండనుచేరి పత్రికలకు వ్రాయుచు, అప్పులపాలగుచు జీవించెను. క్రమముగ నతనికిఁ బ్రార్థనావేశము పుట్టెను. వీథిలో నున్నను, మిత్రుల నడుమ నున్నను, ప్రార్థింపవలెనని తోఁచినప్పుడు మోకరిల్లి ప్రార్థించువాఁడు. ఇతరులనుగూడ రమ్మని పిలుచువాఁడు. 1757లో నతనిని సెయింట్ లూక్స్ అను పిచ్చాసుపత్రిలోఁ జేర్చిరి. ఒక సంవత్సరమైనపిదప, నయము కాలేదని వ్రాసి పంపివేసిరి. అనంతరము బెత్నల్ గ్రీనులోని యొక ప్రైవేటు పిచ్చియింట నుంచఁబడి, 1763లో విడుదలపొందెను. డాక్టరు జాన్సను మాత్రము, ఇతని ప్రార్థనలవలన సంఘమునకేమియు హానిలేదనియు, ఇతనిని బంధింప నవసరము లేకుండెననియు నభిప్రాయపడినట్లు బాస్వెల్ వ్రాసిన జీవితచరిత్రవలనఁ దెలియుచున్నది. విడుదలయైన యెనిమిదేండ్లకు, 1771లో, అప్పులవారు వేయించిన చెఱలో స్మార్టు మరణించెను.

ఆ బంధనకాలములో వ్రాసినదే ‘జూబిలాటే ఆగ్నో’. అది కవి జీవించియుండఁగా నచ్చుపడలేదు. ఆతఁడు గతించిన నూటయఱువదియెనిమిదేండ్లకు, 1939లో, విలియం ఫోర్స్ స్టెడ్ అనునతఁడు వ్రాఁతప్రతినుండి దానిని బ్రకటించెను. ఆ ప్రకటనకు బెడ్లములోనుండి వచ్చిన పాటయని యర్థమిచ్చు నుపశీర్షిక తగిలించెను. బెడ్లమనునది లండనునందలి వేఱొక ప్రసిద్ధమైన పిచ్చాసుపత్రి. స్మార్టు అందెన్నఁడును లేఁడు. చదువరి పుట తిప్పకమునుపే, ఇది పిచ్చివాని వ్రాఁతయని చెవినివేయుట కీ పేరు పనికివచ్చినది. గ్రంథమును జదివినవారికిఁగూడ నట్లే తోఁచెను. ఒక వరుస పుటలలోఁ బ్రతి వాక్యమును ‘అగుఁగాక’ యను నర్థముగల మాటతో మొదలై, బైబిలులోని యొక పేరును ఒక జంతువునో పక్షినో చేపనో జతపఱచుచుఁ బోవును. మఱియొక వరుస పుటలలోఁ బ్రతి వాక్యమును ‘ఏలయన’ యను నర్థముగల మాటతో మొదలగును. వానిలోఁ గవి సొంత దుఃఖములు, శాస్త్రవిషయములు, పుష్పములు, వాద్యముల ప్రాసలు, అక్షరముల గూఢార్థములు, పిల్లి చేష్టలు కలగలుపుగ నుండును. ‘ఏలయన’ అని చెప్పుటకు ముందేమి చెప్పఁబడినదో కానరాదు. కారణములున్నవి, కార్యములు లేవు. ఇంతకంటె వెఱ్ఱికి నిదర్శనమేమి కావలెను?

1954లో డబ్ల్యు. హెచ్. బాండ్ అను గ్రంథపరిశోధకుఁడు ఆ వ్రాఁతప్రతిని జాగ్రత్తగఁ బరీక్షించెను. కాగితముల మడతలను, పుటల సంఖ్యలను, తేదీలను బోల్చిచూడఁగా నొక సంగతి బయటపడినది. ‘అగుఁగాక’ పుటలును ‘ఏలయన’ పుటలును వేఱువేఱు ఖండములు కావు. ఒకదాని కెదుట నొకటి యుంచి, ఈ పంక్తి నొకరు, ఆ పంక్తి నొకరు పలుకునట్లు కవి యుద్దేశించెను. దేవాలయములో నొక పక్షమువారు పాడఁగా రెండవపక్షమువారు బదులుపాడు పద్ధతి యిది. హీబ్రూ కవిత్వములోఁ బంక్తికిఁ బంక్తి జతగా నడచునని రాబర్ట్ లౌత్ 1753లోఁ బ్రకటించిన యుపన్యాసములు స్మార్టు నాఁటి పండితలోకమునఁ బ్రసిద్ధములు. జంటగా నుంచి చదువఁగా, పెక్కుచోట్ల ‘అగుఁగాక’ పంక్తిలోని జంతువునకును ‘ఏలయన’ పంక్తిలోని కవి యనుభవమునకును సంబంధము వెలువడినది. తప్పిపోయినది కవి బుద్ధి కాదు, పుటల వరుస.

దీనిని మేము విమర్శనచరిత్రలోని మిక్కిలి విలువైన పాఠములలో నొకటిగ నెంచుచున్నాము. 1939లోఁ జదివినవారు తెలివితక్కువవారు కారు. కాని వారు ముందే నిశ్చయించుకొని చదివిరి. వ్రాసినవాఁడు పిచ్చివాఁడని యెఱిఁగిన చదువరి, అర్థముకాని చోటఁ దన్ను దాను బ్రశ్నించుకొనఁడు. కవిని నిందించి ముందుకుఁ బోవును. కాళిదాసు పద్యమొకటి యర్థముకాకున్న మనము వ్యాఖ్యానము వెదకుదుము. భిన్నమనస్కుని వాక్య మర్థముకాకున్న వైద్యుని వెదకుదుము.

ఇంతకంటె నాశ్చర్యకరమైన సంగతి యొకటి గలదు. కవి తన పంక్తులలోఁ బొందుపఱచిన తేదీలవలన, అతఁడు దినమున కొకటి మొదలు మూఁడు జంటలవఱకు నియమముగ వ్రాసెనని పండితులు లెక్కించిరి. ఇది యావేశముచేత నోటివెంట వెడలిన ధార కాదు. కాగితము తీసికొని, నేఁటి వంతు వ్రాసి, కలము క్రిందనుంచిన మనుష్యుని దినచర్య. తలుపునకుఁ దాళము వేయఁబడియుండఁగా, తేదీ మఱవకుండుటకు మన స్సాశ్రయించిన గోడ గుర్తువంటిది. సంధ్యవార్చువాని నియమమునకును దీనికిని భేదము తక్కువ. అట్టి నియమము వెఱ్ఱివలన వచ్చినదందుమా, వెఱ్ఱి నెదిరించుటకు వచ్చినదందుమా?

గ్రంథమంతయు సమానముగ గొప్పదని మేము చెప్పము. చెప్పినచో మొదటి పక్షమువారితోఁ జేరినవారమగుదుము. మిగిలియున్న ఖండములలో మొదటిదానికిని జివరిదానికిని జంటపుటలు దొరకలేదు. చివరిదానిలో ననామధేయులైన యాంగ్లేయుల యింటిపేర్లును మూలికలు మొదలగువాని పేర్లును వరుసగ నడచును. మాకది విసుగు పుట్టించినది. అక్షరములపైఁ జేసిన వ్యాఖ్యలు కొన్ని గ్రంథకర్తకుఁ దప్ప నన్యులకు భోగ్యములు కావు. కాని జెఫ్రీయను తన పిల్లినిగూర్చి వ్రాసిన డెబ్బదికిఁ బైఁబడిన పంక్తులు వేఱు. ఆ పిల్లి యుదయముననే చేయు పనులను గవి పదిగా లెక్కించి, ఒకటొకటిగఁ జెప్పును. ఒళ్లు విఱుచుకొనుట, గోళ్లు నూఱుకొనుట, ఆహారము వెదకుకొనుట. ఆ పనులన్నియు నతనికి భగవదారాధనముగఁ దోఁచినవి. పిల్లిని దినము దినము, గంట గంటయుఁ జూచినవాఁడే యట్లు వ్రాయఁగలఁడు. అన్యులకు విసుగు పుట్టించు సూక్ష్మమునందు మనసు తగులుకొని విడువకుండుటయు, లెక్క పెట్టుకొనుటయు, ఒక్క పదముతోనే వాక్యమును మరల మరల మొదలిడుటయు లోకము లోపములనును. ఈ పంక్తులలో నవియే గుణములైనవి. ఇందలి భాగములకు బెంజమిన్ బ్రిటన్ 1943లో సంగీతము కూర్చెను. నేఁటికిని దేవాలయములలో నది పాడఁబడుచున్నది.

స్మార్టునకే చెందిన వేఱొక కావ్యము గతియుఁ జెప్పఁదగినది. ‘దావీదుపాట’ యనునది యతఁడు విడుదలపొందిన 1763లోనే యచ్చుపడినది. ఎనుబదియాఱు పద్యములుగల యా కావ్యము మూఁడులు, ఏడులు మొదలగు సంఖ్యల చొప్పున గుంపులుగఁ గట్టఁబడినది. గోపురమునకు వేసిన కొలతవలె నున్నది. ఆ కవి చనిపోయినపిదప 1791లో నతని కవితలను సంపుటముగఁ బ్రకటించిన బంధువు, మతిచాంచల్యమున కిది నిదర్శనమని యీ కావ్యమును జేర్పకయే విడిచిపెట్టెను. దాదాపు నూఱేండ్లకు, 1887లో, రాబర్ట్ బ్రౌనింగు మహాకవి దీనిని మహోన్నతమని కీర్తించెను. నేఁడు స్మార్టు పేరు నిలిచియున్నదన్నచో, ఆ బంధువు విడిచినదానివలనను, ఆయన యెఱుఁగనిదానివలననే కాని, అచ్చువేయించినదానివలనఁ గాదు.

స్మార్టునకు వచ్చినది బైపోలారా, వేఱొకటియా యని నేఁడు కొందఱు తర్కించుచున్నారు. రెండువందల యేఁబదియేండ్ల క్రిందటివాని నాడిని బట్టిచూడఁగల వైద్యుఁడు లేఁడు. మేమాపనికిఁ బూనము. ఆతని మనసు పెక్కుమంది మనసులవలె నడువలేదనునంతవఱకే మాకుఁ బ్రయోజనము.

ఇఁక మన యలంకారికులు కవిత్వము పుట్టు విధమునుగూర్చి యేమనిరో చూతము. మమ్మటుఁడు కావ్యమునకుఁ గారణముగ మూఁడింటిని జెప్పెను: పుట్టుకతో వచ్చు శక్తి, లోకమును శాస్త్రములను గావ్యములను జూచుటవలనఁ గలుగు నిపుణత, ఎఱిఁగినవారివద్ద నేర్చి చేయు నభ్యాసము. మూఁడు చెప్పి, వానిని గారణములని బహువచనమున ననక, కారణమని యేకవచనముననే వ్యవహరించెను. మూఁడును గూడినఁగాని యొక్క కారణము కాదని దాని భావము. ఈ యేకవచనమును బట్టి చూచినచో, వెఱ్ఱియే కవిత్వమునకు మూలమనువారి మాట నిలువదు. భిన్నమైన మనసు ఒకవేళ శక్తిలోఁ జేరవచ్చును. నిపుణతయు నభ్యాసమును దానంతటఁ బుట్టింపఁజాలదు. స్మార్టునకు లాటినును, లౌతు చెప్పిన హీబ్రూ పద్ధతియు, ముప్పదియేండ్ల పద్యాభ్యాసమును లేకున్న, ఆ పిచ్చియింట మిగిలియుండునది దుఃఖమొక్కటియే.

వామనుఁడు ఇంకను దగ్గఱగ వచ్చెను. కవికిఁ గావలసిన సాధనములలో నతఁడు ‘అవధానము’ నొకటిగఁ జెప్పి, దానికిఁ జిత్తముయొక్క యేకాగ్రత యని యర్థమిచ్చెను. అది యేకాంతప్రదేశమువలనను, రాత్రి నాలవజామువలనను సిద్ధించుననెను. రాజశేఖరుఁడు కావ్యమీమాంసలోఁ గవుల నలవాట్లనుబట్టి విభజించుచు, వెలుఁగు సోఁకని గుహలోనో నేలమాళిగలోనో చొచ్చి నిష్ఠతో వ్రాయువానికి ‘అసూర్యంపశ్యుఁ’డని పేరు పెట్టెను, రచనయందుఁ దగులము కలిగినప్పుడు కూర్చుండి వ్రాయువాఁ డొకఁడు, కొలువుపనుల నడుమఁ దీఱిక చిక్కినప్పుడు వ్రాయువాఁడు వేఱొకఁడు, సందర్భము వచ్చినప్పుడు వ్రాయువాఁడు మఱొకఁడనెను. ఒకని పద్ధతి వేఱొకనికిఁ బనికిరాదని యాతఁ డెఱుఁగును. నేఁటి భాషలో వెలుతురును సందడిని సహింపలేని మనసందుము. రాజశేఖరుఁడు వానిని రోగియనలేదు, కవిజాతులలో నొకనిగ లెక్కించెను.

మన తెలుఁగునాట నీ యవధానమను మాట యర్థము మాఱినది. ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది దిక్కులనుండి యడుగుచుండఁగా, గంటలు లెక్కించుచు, నిషిద్ధాక్షరిని దప్పించుకొనుచు, పద్యములు చెప్పి తుదకన్నిటిని ధారణపట్టుట యష్టావధానము, నూఱుగురుండిన శతావధానము. వామనుఁడు చిత్తము నొకచోట నిలుపుమనఁగా, మనము దానిని నూఱుచోట్లఁ బఱచి నిలిపి చూపుమంటిమి. తిరుపతి వేంకటకవుల వంటివారు దీనిచేత నాంధ్రదేశమునందు గ్రామగ్రామమునఁ బద్యముపైఁ బ్రేమ పుట్టించిరి. ఈ విద్యను మేము తక్కువచేయము. కాని సభలో నడిగినతోడనే చెప్పఁగలవాఁడే కవి, తడవుకొనువాఁడు కవికాఁడు అను తూనికఱాయి మన యిండ్లలో నిలిచిపోయినది. పెండ్లిపందిట ‘ఒక పద్యము చదువుము బాబూ’ యని పదిమందియెదుటఁ బిల్లవానిని నిలుపుట మనకలవాటు. నోరు పెగలని బిడ్డకుఁ బ్రతిభలేదందుము. ఆ తూనికఱాయితోఁ దూఁచిన స్మార్టు జంటపంక్తుల కెంత తూనిక వచ్చునో చదువరులే యోచింతురుగాక.

ఇక్కడ నొక యాక్షేపము రావచ్చును. “మీరు శ్రమ శ్రమ యనుచున్నారు. కవులలో మనోవ్యాధి యధికముగనే యున్నదని పరిశోధకులు చెప్పుచున్నారు కదా!” యని. నిజమే. ప్లేటో ఫీడ్రసు సంవాదములోఁ గవితావేశమును దేవతలిచ్చు నున్మాదములలో నొకటిగఁ జేర్చెను. 1864లో నిటలీదేశపు వైద్యుఁడు లోంబ్రోసో ప్రతిభను ఉన్మాదముతో ముడివేసి పుస్తకము వ్రాసెను. 1993లో గే రెడ్‌ఫీల్డ్ జామిసన్ అను మనశ్శాస్త్రవేత్త, బైపోలార్ స్థితికిని కవులకును గల సంబంధమును గ్రంథముగఁ జర్చించినది. ఆమె తానును ఆ స్థితి ననుభవించినదియే. సంబంధము గలదని యొప్పుకొనినను, వ్యాధియే కవితను వ్రాసెనని యందుండి తేలదు. గోదావరితీరమున వరదలు తఱచు. అక్కడఁ బంటలును మెండు. అంతమాత్రమున వరదయే దున్ని, విత్తి, కోసినదనువాఁడు రైతును మఱచినవాఁడు.

ఈ వాదము వట్టి తర్కము కాదు, ప్రాణములతోఁ గూడినది. మందు పుచ్చుకొన్నఁ గవిత్వము పోవునని భయపడి వైద్యమును మానుకొను యువకులు గలరు. వారిని ‘కవివి కదా, బాధపడవలె’నని మెచ్చుకొను మిత్రులును గలరు. అమెరికాకవి రాబర్ట్ లోవెల్ చరిత్ర వీరు చదువవలెను. చాలయేండ్లు బైపోలార్ స్థితిచే బాధపడి, పలుమాఱులు ఆసుపత్రులఁ జేరిన యతఁడు 1967లో లిథియమను మందును మొదలుపెట్టెను. కవిత్వ మాఁగిపోలేదు. 1969లో ‘నోట్‌బుక్’ వెలువడినది. 1973లోని ‘డాల్ఫిన్’ గ్రంథమునకు మఱుసటియేఁడు పులిట్జరు బహుమానము వచ్చినది. ఆ కవితల మంచిచెడ్డలను విమర్శకులు నేఁటికిని తర్కింతురు. కాని మందు కలమును లాగికొన్నదని చెప్ప వీలులేదు. భిన్నత నంగీకరించుట వేఱు. బాధను బూజించుట వేఱు. మొదటిది దయ, రెండవది క్రౌర్యము.

తన భిన్నతను దానే చెప్పుకొన్న కవి మాట విందము. ఆస్ట్రేలియాకవి లెస్ మర్రే (1938–2019) పల్లెయందుఁ బాలరైతు కుటుంబమునఁ బెరిగినవాఁడు, 1996లో టి. ఎస్. ఎలియట్ బహుమానము నందెను. తన విషాదరోగమునుగూర్చి 1997లో గ్రంథము ప్రకటించెను. తానును ఆటిజము జాతికిఁ జేరినవాఁడనని చెప్పుకొనెను. 1992లోని యొక సంపుటమునఁ బశుపక్ష్యాదులు తమ గొంతులతోఁ దామే పలుకుచున్నట్లు కవితలు కట్టెను. మనుష్యభాషయే సహజమని యెంచనివానికే యట్టి పని తోఁచును. ఆటిజము గల తన కుమారుఁడు పదునైదేండ్లవాఁడైనప్పటి ముచ్చటను ఒక కవితలోఁ జిత్రించెను. ఆ కవిత నిండ విడివిడి వాక్యములే. ఇట్లు చేయును, ఇట్లు పలుకును, దీనికి భయపడును, దీనిని జ్ఞాపకముంచుకొనును అని యొక్కొక్క వాక్యము తనంతఁ దానై నిలుచును. జాలి గొలుపు విశేషణము లేదు, నిట్టూర్పు లేదు. చదివి ముగించునప్పటికి మన యెదుట నొక బాలుఁడు నిలుచును, రోగము నిలువదు. తండ్రి యా బాలునిఁ దన భాషలోనికి లాగక, తానే యా బాలుని భాషావిధానమునకుఁ జేరువగ నడచివచ్చెను. ఆ కవితకు బలమంతయు నందే యున్నది.

ఇచ్చోట దిద్దుబాటునుగూర్చి యొకమాట. ఇంగ్లండునందలి పల్లెకవి జాన్ క్లేరు (1793–1864) పొలముపనివాఁడు. తన కడపటి యిరువదిరెండేండ్లకుఁ బైకాలము నార్తాంప్టను పిచ్చాసుపత్రిలో గడపినవాఁడు. అతఁడు విరామచిహ్నములు పాటింపక, తన యూరిమాటలతో వ్రాయువాఁడు. 1827లో ‘షెపర్డ్స్ కేలెండర్’ అను నతని కావ్యమును బ్రచురణకర్త మిక్కిలి కత్తిరించి వెలువరించెను. కవి వ్రాసినది వ్రాసినట్లు చదువుటకు లోకము 1964వఱకు వేచియుండవలసివచ్చెను. ప్రచురణకర్త దుర్మార్గుఁడు కాఁడు. క్లేరునకుఁ బేరు తెచ్చినవాఁడే. మంచివారి దిద్దుబాటును గూడ మంచిమాట లెన్నో బలిగొనును.

ఇఁక మా పొరపాటు. పదేండ్లక్రిందట మేము తొమ్మిదవతరగతికిఁ దెలుఁగు చెప్పుచుండఁగా, మాట తక్కువ, కన్నులెత్తి చూడని బాలుఁ డొకఁడుండెను. గంట మ్రోఁగినఁ జెవులు మూసికొనువాఁడు. ఒకనాఁడు ‘ప్రయాణము’ను గూర్చి వ్యాసము వ్రాయుఁడంటిమి. వాఁడు బెజవాడనుండి బందరుదాఁక నున్న రైలుస్టేషనుల పేర్లు వరుసగ వ్రాసి, ఒక్కొక్క పేరు ప్రక్క నొక్కొక్క వాక్యము వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో ‘ఇది పట్టిక, వ్యాసము కాదు’ అని వ్రాసి సున్న వేసితిమి. అంతటితో నూరకుండినఁ గొంత నయము. తరగతిలోఁ బైకిఁ జదివితిమి. పిల్లలు నవ్విరి. మేమును నవ్వితిమి.

నెల దాఁటినపిదప వాని తండ్రి వచ్చి వరండాలో నిలుచుండి, “మాస్టారూ, మావాడు తప్పయినా ఏదో ఒకటి రాసేవాడండీ. ఇప్పుడసలు రాయడం మానేశాడు,” అనెను. కోపముతో ననలేదు; అందువలననే మఱవలేకున్నాము. ఆ యేఁడు చివర వారు వేఱొకయూరికిఁ దరలిపోయిరి. ఆ వ్యాసములో మాకు రెండు వాక్యములే జ్ఞాపకమున్నవి. గుడివాడ ప్రక్క, ‘ఇక్కడ మా నాయనమ్మ దిగుతుంది, రైలు దిగదు’ అని వ్రాసియుండెను. పెడన ప్రక్క, ‘మగ్గం చప్పుడు రైలు చప్పుడుకంటె చిన్నది, కాని ఆగదు’ అని వ్రాసియుండెను. ఈ వాక్యములను మేము పైకిఁ జదివి నవ్వితిమని తలంచినప్పుడు నేఁటికిని సిగ్గగుచున్నది.

స్మార్టు గ్రంథమును మేము చదివినది యటు పిమ్మట. బైబిలుపేరు ప్రక్క నొక వాక్యము, స్టేషనుపేరు ప్రక్క నొక వాక్యము. ఆ బాలుఁడు స్మార్టంతవాఁడని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పినచో వానికి రెండవమాఱు నన్యాయము చేసినవారమగుదుము. పేర్ల వరుస వానికి ఛందస్సువంటిదని మాత్రము చెప్పుచున్నాము. మనకు గణములును యతియు నెట్లో, వానికి రైలుదారి యట్లు. ఆ కట్టుబాటున్నందువలననే వాని మాట నిర్భయముగ నడచినది. మేము ఛందస్సును జూచి పట్టిక యంటిమి.

ఈ పత్రికను జదువు గృహస్థులకును ఉపాధ్యాయులకును మేము విన్నవించునది స్వల్పము. వికలాంగుల హక్కులకై 2016లోఁ జేయఁబడిన చట్టము ఆటిజమును, చదువునందలి ప్రత్యేకమైన చిక్కులను దానిలోఁ జేర్చినది. పరీక్షలో నెక్కువ కాలమును, వ్రాసిపెట్టుటకు సహాయకునిఁ గల్పింపవలెనని చెప్పినది. చట్టము కాల మియ్యఁగలదు, చదువరిని నీయఁజాలదు. అది మనమే యీయవలెను. బిడ్డ వ్రాసినది మన యచ్చునకుఁ గుదురకున్నప్పుడు, దాని యచ్చేమో ముందడుగుదము. పదిమందియెదుట నిలుపక, వామనుఁడు చెప్పిన యేకాంతమును గల్పింతము. వింతవస్తువువలెఁ బొగడి త్రిప్పుటయు మానుదము. ఆ పొగడ్తలోను వాని శ్రమకుఁ జోటులేదు. అట్లని దిద్దుట మానవలదు. పదమును బెట్టి తీసి చూచుటయుఁ గవి సాధనములలో నొకటియని వామనుఁడే చెప్పెను. ఏ బిడ్డయైనను దిద్దింపఁబడుట కర్హుఁడు. కాని పదము తీయుటకు ముందు, అదక్కడ నేల యున్నదో వ్రాసినవానిని నడుగుట దిద్దువాని ధర్మము.

ఆ బాలుఁడిప్పుడు యువకుఁడై యుండును. ఎఱ్ఱసిరాతో మేము వ్రాసిన యా మాట వాని పుస్తకములో నింకను నున్నచో, దానిని గొట్టివేయు నధికారము వానిదే. అడుగవలసిన ప్రశ్నను మేము పదేండ్లాలస్యముగ నేర్చుకొంటిమి. చదువరుల యిండ్లలోను బడులలోను నట్టి బిడ్డ యున్నచో, వారు నేఁడే యడుగుదురుగాక.